నాలుగు నెలలు కదలని కారు: మాడ్యూల్ మార్చే ముందు మల్టీమీటర్

చిన్నాయన వాట్సాప్‌లో పంపిన కాగితం చూస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి తీసిన ప్రింటు అది. చాంతాడంత ఉంది. ఇంజిన్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్, పవర్ స్టీరింగ్, లైట్లు, డోర్ లాకులు చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్ (బీసీఎం), ఒక్కోదాని కింద రెండేసి మూడేసి ఎర్రర్ కోడ్లు. అడుగున పెన్నుతో "బీసీఎం మార్చాలి" అని రాసి, పక్కన ముప్పై వేలు దాటిన ఒక అంకె వేశారు. కింద చిన్నాయన మెసేజ్: "పాపా, ఇదేమన్నా నీ లైనేనా?"

నా లైనే. బెంగళూరులో కార్లలో ఉండే కంప్యూటర్లు, అంటే ఈసీయూలు టెస్ట్ చేయడమే నా ఉద్యోగం. పెళ్లిళ్లలో చుట్టాలు "సాఫ్ట్‌వేరా?" అంటే అవునంటాను కానీ, రోజులో సగం నా చేతిలో ఉండేది వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటరే.

సంగతేమిటంటే, చిన్నాయన, చిన్నమ్మ ఇక్కడే బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటారు. కోడలి కాన్పుకని నవంబర్‌లో కెనడాలోని కాల్గరీ వెళ్లి మార్చిలో తిరిగొచ్చారు. వాళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అన్నాళ్లూ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, నీళ్ల సంపు గోడ పక్కన, కవర్ కప్పుకొని నిలబడి ఉంది. వచ్చాక చూస్తే రిమోట్ పని చేయలేదు, స్టార్ట్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కింది ఫ్లోర్ ఆయన తన కారు తెచ్చి కేబుళ్లు వేస్తే స్టార్టయింది. అయ్యాక డ్యాష్‌బోర్డు మీద ఉన్న లైట్లన్నీ వెలిగి కూర్చున్నాయి. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. మ్యూజిక్ సిస్టమ్ తనంతట తనే ఆగి మళ్లీ మొదలవుతోంది. డోర్లు ఒకసారి లాక్ అవుతాయి, ఒకసారి కావు. అట్లనే మెల్లగా నడుపుకుంటూ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ఈ కాగితం ఇచ్చారు.

ఆ కాగితంలో నా కంటికి ముందు పడ్డవి యూ అక్షరంతో మొదలయ్యే కోడ్లు. యూ0100 అంటే ఇంజిన్ కంప్యూటర్‌తో మాటలు ఆగిపోయాయని, యూ0121 అంటే ఏబీఎస్‌తో ఆగిపోయాయని. వీటి మధ్యలో ఎవరూ పట్టించుకోని పీ0562 ఒకటుంది. సిస్టమ్ వోల్టేజ్ తక్కువగా ఉందని దానర్థం. కథంతా ఆ ఒక్క లైన్‌లోనే ఉంది.

పాతకాలం కార్లలో హెడ్‌లైట్ స్విచ్ నుంచి హెడ్‌లైట్‌కు నేరుగా ఒక వైరు పోయేది. 1986లో బాష్ కంపెనీ కాన్ బస్ అనే పద్ధతిని బయటపెట్టింది. ఆ తర్వాత మెల్లమెల్లగా కారులోని కంప్యూటర్లన్నీ మెలిపెట్టిన రెండు వైర్ల మీద మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఒకటి పలక్కపోతే మిగతావన్నీ "ఫలానావాడు పలకడం లేదు" అని రాసి పెట్టుకుంటాయి. బ్యాటరీ నీరసంగా ఉండి స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజ్ ఎనిమిదికో ఏడుకో పడిందనుకోండి, ఒక మాడ్యూల్ ముందు ఆరిపోతుంది, ఇంకోటి తర్వాత ఆరిపోతుంది, లేచేది కూడా తలా ఒక సమయానికి. ముందు లేచినది పక్కవాళ్ల మీద ఫిర్యాదు రాస్తుంది. అన్నీ లేచేసరికి పేజీ నిండిపోతుంది. ఏ ఒక్కటీ చెడిపోలేదు.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. మా ల్యాబ్‌లో రోజూ కావాలని చేసే పనే ఇది. ఐఎస్ఓ 16750 అని ఒక ప్రమాణం ఉంది. అందులో రెండో భాగం కరెంటు సంగతి. స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజ్ ఎంతకు పడాలి, ఎన్ని మిల్లీసెకన్లు అక్కడ ఉండాలి, ఎట్లా పైకి లేవాలి అన్నీ అందులో ఉంటాయి. పవర్ సప్లైకి ఆ వోల్టేజ్ హెచ్చుతగ్గుల గీత నేర్పించి, ఈసీయూ తట్టుకుంటుందా లేదా చూస్తాం. ఆ గీత కన్నా బాగా కిందికి తోస్తే ఏ ఈసీయూ అయినా పడిపోతుంది. అది దాని తప్పు కాదు.

అందుకే ఆదివారం పొద్దున స్కానర్ కన్నా ముందు మల్టీమీటర్ తీసుకొని వెళ్లాను.

బేస్‌మెంట్‌లో కారు మళ్లీ చచ్చిపడి ఉంది. రిమోట్ లోపల దాచి ఉండే ఇనప తాళంచెవి తీసి డ్రైవర్ డోర్ తెరిచాం. ఇట్లాంటి తాళంచెవి ఒకటుందని చిన్నాయనకు ఆరోజే తెలిసింది. డిక్కీ మాత్రం కరెంటు లేకుండా తెరుచుకోదు, స్టెప్నీ, జాకీ అన్నీ అందులోనే ఉన్నాయి. బానెట్ లివర్ లాగి, బ్యాటరీ రెండు పోల్స్ మీద మీటర్ పెడితే 11.3 వోల్టులు.

ఈ అంకెలు ఒక చోట రాసి పెట్టుకోండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ, కారు ఆపి కొన్ని గంటలు వదిలేశాక 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం అయిపోయింది. 12 కిందికి వస్తే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 దాకా కనిపిస్తే అది ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ గొప్ప, బ్యాటరీది కాదు. సర్వీస్ సెంటర్ కాగితంలో "బ్యాటరీ ఓకే, 14.2" అని రాసింది ఇంజిన్ నడుస్తుండగా చూసి. అద్దెకున్నవాడి జేబు చూసి ఇంటి ఓనర్ ఆస్తి లెక్కగట్టినట్టు.

బ్యాటరీ విప్పి నా దగ్గరున్న చార్జర్ పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దునకు 12.6కు వచ్చింది. చార్జర్ తీసేసి టిఫిన్ తిని వచ్చేసరికి 12.2. దానంతట అదే దిగిపోతోంది. ఖాళీగా వారాల తరబడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ పెట్టినా పట్టుకోదు. పైగా వయసు నాలుగేళ్లు దాటింది. బ్యాటరీ షాపులో లోడ్ టెస్టర్ పెట్టి మరీ నమ్మించుకున్నాక, పాతది వాళ్లకే ఇచ్చి 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) కొత్తది తెచ్చుకున్నాం.

కొత్తది బిగించే ముందు ఇంకో పని చేశాను. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటుంది, పదహారు పిన్నులు. బ్యాటరీ లేనప్పుడు ఆరో పిన్నుకూ పద్నాలుగో పిన్నుకూ మధ్య రెసిస్టెన్స్ చూస్తే 60 ఓమ్‌లు రావాలి. కాన్ బస్ రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉంటాయి కాబట్టి. 120 వస్తే ఒక కొస తెగినట్టు, సున్నా దగ్గరికి వస్తే వైర్లు ఒకదానికొకటి అంటుకున్నట్టు. మాకు అరవై మీద కొంచెం వచ్చింది. అంటే వెన్నెముక బాగుంది. మాడ్యూల్ మార్చమని చెప్పేవాళ్లు ముందు ఈ ఒక్క కొలత చూపిస్తే నాకు అభ్యంతరం లేదు.

కొత్త బ్యాటరీతో స్టార్ట్ చేసి, కోడ్లు చెరిపేసి, స్టీరింగ్ ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాం. చాలా కార్లలో కరెంటు పోయాక స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ తన మధ్య స్థానం మర్చిపోతుంది, అట్లా తిప్పితే గుర్తొస్తుంది. పవర్ స్టీరింగ్ లైట్ ఆరిపోయింది. ఇంజిన్ లైట్ కూడా. డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుతో పైకి రావడం మానేస్తే, పూర్తిగా పైకి లాగి స్విచ్ కొన్ని సెకన్లు అట్లనే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంది. చిన్నాయన ముఖం వెలిగింది. "అయిపోయినట్టేనా?" అన్నాడు.

కాలేదు. బ్లోయర్ ఆన్ చేస్తే మీటర్ల వెనక వెలుగు తగ్గుతోంది, ఇండికేటర్ వేస్తే ఎడమ హెడ్‌లైట్ దానితో పాటు కొట్టుకుంటోంది. కొత్త బ్యాటరీతో ఇట్లా జరిగితే అనుమానించాల్సింది ఎర్త్‌ను, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారిని. ఈ కొలత ఎవరైనా చేసుకోవచ్చు: హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనకద్దం హీటర్ ఆన్ చేసి, మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోల్ మీద, ఎర్ర ప్రోబ్ బాడీ మీద రంగు లేని లోహం మీద. రెండింటి మధ్య తేడా 0.1 వోల్టు లోపు ఉండాలి. మాకు 0.6 వచ్చింది. అంటే బ్యాటరీ ఇచ్చిన దాంట్లో అర వోల్టు పైన తిరుగు దారిలోనే పోతోంది.

బ్యాటరీ ట్రే కింద, మడ్‌గార్డ్ లోపలి రేకుకు నల్ల కేబుల్ ఒకటి బిగించి ఉంది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే బోల్టు తల చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి, మధ్యమధ్యలో పచ్చటి మరకలు. పాత బ్యాటరీ ఆవిరీ, సంపు గోడ చెమ్మా కలిసి నాలుగు నెలలు తీరిగ్గా చేసిన పని. 10 నంబర్ స్పానర్‌తో విప్పితే లగ్గు (కేబుల్ కొసన ఉండే లోహపు వలయం) కింద రేకు బూడిద రంగుకు తిరిగింది. వంటసోడా కలిపిన వేణ్నీళ్లు పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక గరుకు కాగితంతో లగ్గు, రేకు రెండూ మెరిసేదాకా గీకాను. బిగించాక పైన కొంచెం వాసెలిన్. పైనే పూయాలి, లగ్గుకూ రేకుకూ మధ్య కాదు. మళ్లీ కొలిస్తే 0.03. హెడ్‌లైట్ కొట్టుకోవడం ఆగింది, మ్యూజిక్ సిస్టమ్ కుదుటపడింది, డోర్ లాకులు కూడా. ముప్పై వేల మాడ్యూల్ చేయాల్సిన పని రెండు రూపాయల గరుకు కాగితం చేసింది.

మిగిలినవి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు.

ఏబీఎస్‌కు కారణం ఎలుక. బానెట్ కింద, వైపర్ల దగ్గరి గుంటలో కొబ్బరి పీచు, ఉల్లిపొట్టు, ఏదో బిస్కెట్ కవరు కనిపించినప్పుడే అనుకున్నాను. కుడి ముందు చక్రం సెన్సార్ వైరు, గొట్టంలోంచి బయటకొచ్చే చోట, పైతోలు ఊడి రాగి కనిపిస్తోంది, ఒక వైరు పూర్తిగా తెగింది. నా స్కానర్‌లో ఆ చక్రం వేగం సున్నా, మిగతా మూడూ నడుస్తున్నాయి. ఇట్లాంటి చోట ఉత్త టేపు చుట్టి వదిలేయొద్దు. చక్రంతో పాటు ఆ వైరు రోజూ ఊగుతుంది, వానలో తడుస్తుంది. టంకం వేసి, ఒక్కో వైరుకు విడిగా వేడికి బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగి, పైన ఇంకోటి తొడగాలి. కేఆర్ పురం దగ్గర మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న అరగంటలో చేసి పెట్టాడు. "మేడం, వర్షాకాలం అయినాక నాకు వచ్చే కార్లలో ఎక్కువ ఎలుకవే" అని నవ్వాడు. నాఫ్తలీన్ ఉండలు, పొగాకు కట్టలు, స్ప్రేలు ఎన్నో చెప్తారు. వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కారు పక్కన చెత్తబుట్ట లేకుండా చూసుకోవడం మీద ఉంది.

ఎయిర్‌బ్యాగ్ జోలికి నేను పోలేదు, మీరూ పోవద్దు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి, వాటిలో మల్టీమీటర్ గుచ్చడం అంటే చిచ్చుబుడ్డిలో అగ్గిపుల్ల పెట్టి చూడటమే. వోల్టేజ్ పడిపోయినప్పుడు రాసుకున్న కోడు కొన్ని కార్లలో దానంతట పోదు, ఓబీడీ సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో చూసుకునే మామూలు బ్లూటూత్ డాంగిల్‌కు కనిపించదు కూడా. చవక డాంగిళ్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి. పూర్తి స్కానర్ ఉన్న ఇంకో వర్క్‌షాపులో చెరిపిస్తే పోయింది, మళ్లీ రాలేదు.

అంతా అయ్యాక చిన్నాయన అసలు ప్రశ్న వేశాడు. "ఇంతకీ బ్యాటరీ ఎందుకు చచ్చింది పాపా? ఆ ఫాస్టాగ్ ఏమన్నా కరెంటు తాగుతుందా?"

ఫాస్టాగ్ తాగదు. దానికి బ్యాటరీ లేదు, వైరు లేదు, టోల్‌గేట్ రీడర్ పంపే తరంగాలతోనే బతుకుతుంది. కానీ ఏదో తాగుతోందన్నది నిజం. మైనస్ క్లాంప్ విప్పి, మీటర్‌ను ఆంపియర్లలో పెట్టి మధ్యలో కలిపాను. డోర్ తెరిచే ఉంచి, దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసుకున్నట్టు నొక్కి, రిమోట్‌ను చిన్నమ్మకిచ్చి పైకి పంపించేశాను. రిమోట్ దగ్గరగా ఉంటే కొన్ని కార్లు నిద్రపోవు. మాడ్యూళ్లన్నీ పడుకోవడానికి అరగంట దాకా పడుతుంది, అంతవరకూ ఏదీ ముట్టుకోకూడదు. స్టార్ట్ అస్సలు చేయకూడదు, చేస్తే మీటర్ లోపలి ఫ్యూజు పోతుంది.

అరగంట తర్వాత 0.12 ఆంపియర్లు. ఉండాల్సింది 0.05 లోపు. ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూసేవాళ్లుంటారు, దాంతో ఇంకో చిక్కుంది: ఫ్యూజు తిరిగి పెట్టగానే ఆ మాడ్యూల్ లేచి కూర్చుంటుంది, మళ్లీ అరగంట. దానికన్నా ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, వాటి మీద మిల్లీవోల్టుల్లో కొలవండి. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా, పారేదాని మీద మిల్లీవోల్టులో కొంత వస్తుంది. ఒక్క ఫ్యూజు మీదే వచ్చింది. దాన్నుంచి పోయిన వైరు పట్టుకొని పోతే రోడ్డును రికార్డ్ చేసే కెమెరా, అదే డ్యాష్‌క్యామ్ దగ్గర తేలాం. యాక్సెసరీస్ షాపులో ఎవరో దాన్ని ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు కలిపి, కారు ఆపి ఉన్నా రికార్డ్ చేసే పార్కింగ్ మోడ్ ఆన్ చేసి పంపారు. నాలుగు నెలల బేస్‌మెంట్ చీకటిని రికార్డ్ చేద్దామనుకుంది పాపం.

వైరు మార్చాక 0.02. ఇక్కడ లెక్క చూడండి. ముందు ఉన్న 0.12 ప్రకారం రోజుకు దాదాపు 2.9 ఆంపియర్ అవర్లు, 35 ఏహెచ్ బ్యాటరీ రెండు వారాలు కూడా రాదు. బాగుచేశాక రోజుకు అర ఆంపియర్ అవర్ లోపే. అయినా డెబ్భై రోజులకు కాస్త అటూ ఇటూగా ఖాళీ. అంటే ఏ లోపమూ లేని కారు కూడా నాలుగు నెలలు నిలబడదు. డ్యాష్‌క్యామ్ చావును తొందర చేసింది, అంతే.

వాచ్‌మన్‌కు తాళమిచ్చి వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేయించడం మన అపార్ట్‌మెంట్లలో పెద్ద అలవాటు. వారమంతా దిగిపోయినది పది నిమిషాల ఐడ్లింగ్‌లో సరిగా తిరిగి రాదు, సైలెన్సర్‌లో నీరు చేరడం అదనం. నడిపితే అరగంటైనా రోడ్డు మీద నడపాలి. బేస్‌మెంట్‌లో ప్లగ్ పెట్టి చార్జర్ తగిలించుకుందామంటే అసోసియేషన్ మీటింగ్‌లో కామన్ కరెంటు గొడవ. చిన్నాయనకు నేను చెప్పింది: వెళ్లే ముందు రోజు మైనస్ క్లాంప్ విప్పేసి, స్పానర్ డిక్కీలో కాకుండా ఇంట్లో పెట్టుకోమని. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి, పోనీ.

ఈ సంగతంతా కాల్గరీలో ఉన్న తమ్ముడికి, అదే చిన్నాయన కొడుక్కి చెప్తే, వాడిదీ అదే గోల. వాడి పాత కారును చలికాలమంతా అద్దె గ్యారేజీలో పెట్టి, ఏప్రిల్‌లో తీస్తే ఏబీఎస్ లైట్. వాడు మాత్రం బ్యాటరీకి మెయింటెయినర్ (నిండుగా ఉంచే చిన్న చార్జర్) తగిలించే ఉంచాడు. అక్కడ తగిలించక తప్పదు. నిండుగా ఉన్న బ్యాటరీ గడ్డకట్టాలంటే మైనస్ 50 డిగ్రీలు దాటాలి, ఖాళీదైతే మైనస్ 10 దగ్గరే గడ్డకడుతుంది. గడ్డకట్టినదానికి చార్జర్ గానీ జంప్ కేబుల్ గానీ పెట్టకూడదు, పగిలే ప్రమాదముంది. మనకు బెంగళూరు చలి బ్యాటరీని ఏమీ చేయదు, కారును కదపకుండా నిలబెట్టడమే దాన్ని చంపుతుంది. వాడి కారులో 12.7 ఉంది కాబట్టి వోల్టేజ్ కథ అక్కడికి ముగిసింది. ఎలుకలేమోనన్నాను. "అక్కా, మా ఆల్బర్టా రాష్ట్రంలో ఎలుకలుండవు, 1950 నుంచి గవర్నమెంటే వేటాడుతోంది" అన్నాడు గొప్పగా. చిట్టెలుకలు మాత్రం దండిగా ఉన్నాయట.

నాలుగు చక్రాల వేగాలు స్క్రీన్ మీద పెట్టుకొని పార్కింగ్‌లో మెల్లగా నడపమన్నాను. ఎడమ వెనక చక్రం పది కిలోమీటర్ల వేగం దాటేదాకా సున్నాలోనే ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా మేలుకుంటోంది. వైరు తెగితే అట్లా ఉండదు. రోడ్ల మీద చల్లే ఉప్పుకు సెన్సార్ కూర్చునే చోట తుప్పు ఉబ్బి దాన్ని పైకి నెట్టి ఉంటుంది, చక్రంతో పాటు తిరిగే రింగుకూ సెన్సార్‌కూ దూరం పెరిగితే మెల్లగా వెళ్లేటప్పుడు సిగ్నల్ చాలదు. కొత్త సెన్సార్ ఇప్పుడే కొనొద్దు, ముందు ఉన్నదాన్ని విప్పి కింద తుప్పు గీకి చూడమన్నాను. వచ్చే శనివారం కారు లేపుతాడట, ఫోటోలు పంపితే దాని గురించి విడిగా రాస్తాను.